మళ్లీ అడగకు

అలమారలో పై అర ఎవరిదన్న గొడవ అప్పటికి మూడో రోజుకు చేరింది. మొదటి రోజు మాటగా మొదలైంది, రెండో రోజు అలకగా మారింది, మూడో రోజుకు ఇంట్లో నలుగురూ తలో పక్షం పట్టేశారు.

"పదకొండు కొలతల పుస్తకాలు," అంటూ భర్త కుర్చీ ఎక్కి వాటిని వేలితో తట్టి చూపించాడు. ముప్పై ఏళ్లు సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. ఎక్కడ నిలబడినా చేతిలో స్టీరింగు ఉన్నట్టే మోచేతులు విప్పి నిలబడతాడు. "అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించేశారు గదా. ఇంకా వీటిని నెత్తిన పెట్టుకోవడం దేనికి? నా బూట్లకు ఈ ఇంట్లో జానెడు చోటు లేదు."

"ఉన్నవి రెండు జతలు. వాటికోసం రోజూ కుర్చీ ఎక్కి దిగుతారా?"

"ఎక్కుతాను. డ్రైవరు సీటు ఇంతకంటే ఎత్తు."

గుమ్మం దగ్గర బూట్లు తుడుచుకుంటున్న కొడుకు తండ్రి పక్షం. మందుల గోదాములో పనిచేస్తాడు. అక్కడ గడువు దాటినవి తీసి పారెయ్యడం అతని ఉద్యోగం, ఇంట్లో కూడా అదే బుద్ధి. కోడలు అత్తగారి పక్షమే గానీ, పైకి మాత్రం రాజీ మాటలు మాట్లాడుతోంది.

"అట్టపెట్టెలో సర్ది మంచం కిందికి తోసేద్దాం అత్తయ్యా. మామయ్యకు పై అర, మీకు మంచం కింద."

"మంచం కింద చెమ్మ. అట్టలు ఊడిపోతాయి."

అత్తగారు మెడలోంచి టేపు తీసి, వేలికి చుట్టి, విప్పి, మళ్లీ మెడలో వేసుకుంది. కోపం వస్తే చేసే పని అదొక్కటే. ముందుగదిలో కుట్టుమిషను వేసుకుని ఇరవై ఆరేళ్లుగా ఆడవాళ్ల బట్టలు కుడుతోంది. స్నానానికి తప్ప మెడలోంచి టేపు దిగదు కాబట్టి, ఆ పేటలో చిన్నా పెద్దా అందరికీ ఆమె టేపక్క. అసలు పేరుతో పిలిస్తే ఆమె కూడా ఒక క్షణం ఆలోచించాలి.

భర్త ఒక పుస్తకం లాగి మధ్యకు తెరిచాడు. "నడుము ముప్పై. ఎవరిదిది?"

"మీదే. పెళ్లయిన కొత్తలో కోటు కుట్టినప్పటిది."

"చూశావా, ఇలాంటి సాక్ష్యాలు ఇంట్లో ఉంచుకోకూడదు."

కోడలు నవ్వింది. సరిగ్గా అప్పుడే మిషను మీద ఉన్న ఫోను మోగింది. చేసింది పూలకొట్టామె. పదేళ్లుగా గౌన్లు ఇక్కడే కుట్టించుకుంటోంది, గట్టిగా మాట్లాడే మనిషి. ఆవేళ గొంతు లోపలెక్కడో ఉంది.

"ఒక్క సంగతి అడుగుతాను టేపక్కా, కోప్పడొద్దు. నా నడుము నలభై ఆరని ఎవరికైనా చెప్పారా?"

"నేనెందుకు చెబుతానమ్మా?"

"మరి పక్క కొట్టువాడికి ఎలా తెలిసింది? నలభై ఆరు అంగుళాల దండకు ఎన్ని పూలు పడతాయని అడిగి నవ్వుతున్నాడు. నడుము ఒక్కటే అయితే నేనూ నవ్వేదాన్ని. నా ఫోను నంబరుంది, ఇంటి నంబరుంది. కడుపు మీద కోత, బిగుతు వద్దు అని మీరు రాసుకున్నది కూడా ఉంది. వాడి ఫోన్లో చదివి వినిపించాడు."

ఆ మాటలు టేపక్కవే. కోత, బిగుతు వద్దు. ఎవరో ఊహించి రాసేవి కావు.

కొడుకు ఒక బూటు తుడిచి, రెండోది తుడవకుండానే వచ్చి కూర్చుని తన ఫోన్లో వెతికాడు. పది నిమిషాలు పట్టింది. దొరికాక తల్లికి చూపించకుండా ముందు తను చదివాడు. చదువుతున్నకొద్దీ అతని చెవులు ఎర్రబడ్డాయి.

"నీ పుస్తకమేనమ్మా," అన్నాడు. "మొత్తం."

మొత్తం అంటే నాలుగు వందల పన్నెండు మంది. పేరు, ఇల్లు, ఫోను, మెడ నుంచి మడమ దాకా కొలతలు. అన్నిటికంటే చివర, ఆమె రాసుకున్న మాటలు. ఎవరో పనిలేనివాళ్లు దానికి 'మన ఊరి ఆడవాళ్లు' అని పేరు పెట్టి, నవ్వే ముఖాల బొమ్మలు తగిలించి, ఒకరి నుంచి ఒకరికి పంపుకుంటున్నారు.

ఆ మాటల సంగతి చెప్పుకోవాలి. ఏ దర్జీ అయినా కొలతలు రాసుకుంటుంది. టేపక్క కొలతల పక్కన ఒక ఖాళీ గడి గీసుకుని అందులో మాటలు రాసుకునేది. 'ఎడమ భుజం వాలు, పైకి తెలియకూడదు.' 'అయిదో నెల, అత్తగారికి ఇంకా చెప్పలేదు.' 'వీపున కాలిన మచ్చ, మెడ లోతు కోయకు.' ఒక ఆడమనిషి తన ఒంటి సంగతి గొంతు పెగల్చుకుని ఒకసారి చెప్పిందంటే, రెండోసారి చెప్పించుకోవడం పాపమని ఆమె పట్టుదల. పెద్ద దుకాణాల్లో ప్రతిసారీ కొత్త పిల్ల కొలుస్తుంది, ప్రతిసారీ కొత్తగా అడుగుతుంది. ఇక్కడ అలా కాదు. ఒకసారి చెబితే చాలు, జన్మంతా ఆ బట్ట అలాగే కుదురుతుంది. అందుకే రెండు బస్సులు మారి వచ్చేవాళ్లు కూడా ఉన్నారు.

లెక్కల టీచరు అలాగే వచ్చేది. నాలుగేళ్ల కిందట ఒక మధ్యాహ్నం వచ్చి, అద్దం ముందు నిలబడి, చాలాసేపు బొత్తాలు విప్పలేదు. పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషనని బడిలో సెలవు పెట్టానని చెప్పింది. ఇంట్లో అమ్మకూ అదే చెప్పానంది. తర్వాత బొత్తాలు విప్పింది. టేపక్క టేపు పట్టింది, కొలిచింది, పుస్తకంలో రాసింది: 'కుడివైపు మెత్త. అరచేతి మందం. మళ్లీ అడగకు.' ఆ చివరి మాట తనకోసం, కాజాలు కుట్టడానికి వచ్చే ఆవిడకోసం. అప్పటినుంచి టీచరుగారి ప్రతి కోటులో, ప్రతి చొక్కాలో కుడివైపు అస్తరు కింద ఆ మెత్త ఉంది. దాని గురించి ఆ గదిలో రెండోసారి మాట రాలేదు.

ఫోన్లో ఆ వరుస కనపడేదాకా టేపక్క వేలితో కిందికి జరుపుతూ పోయింది. కనపడింది. ఒక్క అక్షరం పోలేదు.

"ఎవరి పని ఇది?" అన్నాడు భర్త, ఇంకా కుర్చీ మీదే నిలబడి.

"నెట్‌లో పెట్టిన పట్టికకు పాస్‌వర్డు తాళం వెయ్యలేదు," కొడుకు భార్య వంక తిరిగాడు. "దారి తెలిసినవాడెవడైనా నేరుగా లోపలికి వచ్చేలా పెట్టావు. ఏడాది పాటు కొరియరు ఆఫీసులో చేశావు, ఆ మాత్రం తెలియదా? గోదాము తలుపు బార్లా తీసి ఇంటికి వచ్చేస్తే నన్ను మర్నాడు రానిస్తారా?"

కోడలు నేలకేసి చూస్తూ నిలబడింది.

"మాట్లాడవేం?"

"తాళం లేదు. నిజమే," అంది.

అంతే అంది. అత్తగారి వైపు చూడను కూడా చూడలేదు. అప్పుడు టేపక్కకు గుర్తొచ్చింది. గుర్తురావడమంటే మామూలుగా కాదు, ఒంట్లోకి సూది దిగినట్టు. పోయిన ఏడాది మూడు నెలలు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, తను చదువుతుంటే కోడలు టైపు చేసింది. 'మాటలు కూడా ఎక్కించాలా అత్తయ్యా?' అని అడిగితే, 'ఒక్కటి పోకూడదు. కొలత తప్పితే కుట్టు విప్పుకుంటాను. మాట తప్పితే ఏం విప్పుకోను?' అంది తనే. మొదట్లో తాళం ఉండేది. ఒకరోజు ఎవరో లంగాతో అద్దం ముందు చలికి వణుకుతూ నిలబడి ఉంటే, సుద్ద అంటిన వేళ్లతో తను మూడుసార్లు తప్పు నొక్కింది, అది మూసుకుపోయింది. ఆ సాయంత్రం, 'ఈ తాళం తీసి పారెయ్యమ్మా, నా వల్ల కాదు. నా కొలతలు ఏ దొంగకి కావాలి?' అంది. కోడలు వద్దని రెండుసార్లు చెప్పింది. మూడోసారి చెప్పలేదు.

ఇప్పుడు చెప్పాలి. నోరు తెరిచింది కూడా. కొడుకు ముఖం చూసింది, కుర్చీ మీద భర్తను చూసింది. ఇన్నేళ్లుగా ఈ ఇంట్లో ఆమెది తప్పు అని అనగలిగిన సందర్భం రాలేదు. తెరిచిన నోరు మూసుకుంది.

మర్నాడు అత్తాకోడళ్లిద్దరూ ఫిర్యాదుల ఆఫీసుకు వెళ్లారు. అంతకుముందే కొడుకు ఆ పట్టికను దాచిన కంపెనీకి రాశాడు. 'మీ అభ్యర్థన అందింది, మీ ఓపికకు ధన్యవాదాలు' అని క్షణంలో జవాబు వచ్చింది. ఓపిక ఉందని వాళ్లకు ఎవరు చెప్పారో తెలియదు. తాళం అయితే అప్పుడే వేసేశారు. కానీ బయటికి పోయింది పోయింది.

ఆఫీసు నాలుగో అంతస్తులో. బెంచీ మీద గంటన్నర కూర్చున్నాక పిలుపొచ్చింది. బల్ల వెనక గుమస్తా చిన్నపిల్ల, జలుబుతో ముక్కు ఎర్రగా ఉంది. ఓపిగ్గా విన్నది, మధ్యలో ఒక్కసారి కూడా వాచీ చూసుకోలేదు. అందుకే ఆ తర్వాత ఆ పిల్ల చెప్పిన మాటలకు కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకపోయింది.

"చట్టం ప్రకారం మీరు సమాచార ధారకులమ్మా."

"నేను బట్టలు కుడతాను."

"బట్టలు కుట్టే సమాచార ధారకులు. నాలుగొందల పన్నెండు మందికీ మూడు రోజుల్లోగా మీరే తెలియజెయ్యాలి. ఎలా రాయాలో ఈ కాగితంలో ఉంది."

'మీకు సంబంధించిన కొంత వ్యక్తిగత సమాచారం అనధికారికంగా వెల్లడై ఉండవచ్చునని తెలియజేయుటకు చింతిస్తున్నాము.' టేపక్క రెండుసార్లు చదివింది. ఇందులో పూలకొట్టామె ఎక్కడుందో, అయిదో నెల పిల్ల ఎక్కడుందో ఆమెకు కనపడలేదు.

"ఇది పంపిస్తాం. ముందు అక్కడినుంచి తీయించండి. మాకింకేం వద్దు."

"తీయించాలంటే ఉత్తర్వు కావాలి. ఉత్తర్వు కావాలంటే ఫిర్యాదు కావాలి."

"మేము వచ్చింది అందుకే గదా," అంది కోడలు.

"మీరు పెట్టకూడదండీ. ఎవరి సంగతులు పోయాయో వాళ్లు పెట్టాలి."

"ఎవరి మీద?"

గుమస్తా చేతిరుమాలుతో ముక్కు తుడుచుకుంది. "ఎవరి దగ్గరినుంచి పోయాయో వాళ్ల మీద."

"దొంగ మీద కాదా?" అంది టేపక్క.

"దొంగకు చిరునామా లేదమ్మా. మీకుంది."

పక్క బల్ల దగ్గర ఎవరో ముద్ర గుద్దుతున్నారు.

"ఆ ఫిర్యాదులో ఏం పోయిందో రాయాలా?" కోడలు అడిగింది.

"రాయాలి. వాళ్ల చేత్తో, ఉన్నదున్నట్టు. విచారణ తలుపులు మూసుకుని చేయమని అడగొచ్చు. కాగితం మీద మాత్రం ఉండాలి." తర్వాత గొంతు తగ్గించి, "అంతా చేసినా, ఒకచోట తీస్తారు, ఇంకోచోట పుడుతుంది. మీతో అబద్ధం చెప్పడం ఎందుకు? కానీ ఉత్తర్వుంటే పుట్టినచోటల్లా మళ్లీ అడగొచ్చు. లేకపోతే అదీ లేదు," అంది.

మెట్లు దిగుతుంటే కోడలు అత్తగారి మోచెయ్యి పట్టుకుంది. రెండో అంతస్తు దగ్గర టేపక్క ఆగింది.

"తాళం నేను తీయించానని నిన్న ఎందుకు చెప్పలేదు?"

"మీరు చెబుతారనుకున్నాను," అంది కోడలు. ఎత్తిపొడుపుగా కాదు. బస్సు ఇటే వస్తుందనుకున్నాను అన్నట్టు అంది. ఎత్తిపొడిచి ఉంటే టేపక్కకు కాస్త తేలికయ్యేది.

నాలుగు వందల పదకొండు మందికి కోడలు ఆ సందేశం పంపింది. ఆ సాయంత్రం నుంచి ఫోను కిందపెట్టే పని లేకపోయింది. కొందరు తిట్టారు, కొందరు ఏడ్చారు. ఒకావిడ తన నడుము ముప్పై ఆరని పడిందని, అది ముప్పై నాలుగని, తీయించలేకపోతే కనీసం దిద్దించమని పట్టుబట్టింది. భర్త గిన్నెలు కడుగుతూ విని, ఆవిడ సుఖపడుతుందని మెచ్చుకున్నాడు. అయిదో నెల పిల్ల అత్తగారు ఫోను చేసి ఏమీ అనకుండా పెట్టేసింది.

మిగిలిన ఆ ఒక్కరి దగ్గరికి టేపక్క స్వయంగా బయలుదేరింది.

టీచరు ఇల్లు మూడో అంతస్తులో రెండు గదులు. తలుపు తీసింది తల్లి. డెబ్బై దాటిన మనిషి, చెవులు మందం, ముఖం నిండా ఆదరం.

"నువ్వా తల్లీ, రా. మా అమ్మాయి సన్నబడింది చూశావా? ఈసారి కోటు కాస్త ఒదులుగా కుట్టు, చలికి లోపల ఇంకో చొక్కా పట్టాలి."

"అలాగేనమ్మా."

"రాళ్లు తీశాక కొందరు లావెక్కుతారట. ఇది చూడు, ఎండిపోతోంది." ఆవిడ టీ పెట్టడానికి వంటగదిలోకి వెళ్లింది.

టీచరు బల్ల దగ్గర పరీక్ష పేపర్లు దిద్దుతోంది. లేవలేదు. ఎర్ర కలం మూత పెట్టి, మళ్లీ తీసింది.

"నాకు తెలుసక్కా. నాలుగు రోజులైంది," అంది మెల్లగా. "పదో తరగతికి వెళ్లేసరికి బోర్డు మీద రెండు వృత్తాలు గీసి ఉన్నాయి. ఒకదాన్ని కొట్టేశారు. ఎవరో లెక్క తప్పు చేశారనుకుని తుడవబోయాను. కింద 'కుడివైపు మెత్త' అని రాసి ఉంది. 'మళ్లీ అడగకు' అని కూడా రాశారు. అది చూసి గుర్తుపట్టాను. అది మీ మాట."

టేపక్క చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. క్షమించమని అడగడానికి ముఖం చెల్లలేదు.

"తుడిచి పాఠం చెప్పాను. వ్యాసార్థాలు. యాభై నిమిషాలు అవే చెప్పాలి గదా. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది, ఎవరో తెలిసేది." వంటగది వైపు ఒకసారి చూసింది. "అమ్మకు ఇంకా తెలియదు. కింద ఇంటివాళ్ల ఫోన్లోకి వచ్చింది. మెట్ల మీద నన్ను చూసి పక్కకు తప్పుకుంటున్నారు, అంటురోగంలాగా. అమ్మ రోజూ వాళ్ల గుమ్మంలోనే కూర్చుంటుంది. ఆవిడకు సగం వినపడదు కాబట్టి ఇన్నాళ్లు ఆగింది. అమ్మ చెల్లెలు ఇదే జబ్బుతో పోయింది. తెలిస్తే ఆవిడ తట్టుకోలేదనే ఇంత నాటకం ఆడాను."

టేపక్క సంచిలోంచి ఫిర్యాదు కాగితం తీసి బల్ల మీద పెట్టింది. గుమస్తా చెప్పినదంతా చెప్పింది. ఎవరు పెట్టాలి, ఎవరి మీద పెట్టాలి, ఏం రాయాలి.

"మీ మీదా?"

"ఇంకెవరి మీదా పెట్టడానికి లేదట."

"మీ మీద నేనెలా పెడతానక్కా? నాలుగేళ్లలో నన్ను మామూలు మనిషిలా కొలిచింది మీరొక్కరే. పైగా ఈ కాగితం మీద నా చేత్తో రాయాలి, ఏం లేదో. రాస్తే జవాబు ఈ ఇంటికే వస్తుంది. పోస్టు ఎప్పుడూ అమ్మే తీసుకుంటుంది, అక్షరం అక్షరం చదువుతుంది. వద్దు. ఇది మీరు తీసుకుపోండి."

తల్లి టీ తెచ్చింది. "ఏం కాగితమే అది?"

"కొలతలమ్మా," అంది టీచరు.

టీ వేడిగా, తియ్యగా ఉంది. టేపక్క మొత్తం తాగింది. కప్పు ఖాళీ అయ్యాక లేచి వచ్చేసింది. వచ్చేదారిలో తను దిగాల్సిన స్టాపు దాటిపోయి ఇంకో రెండు స్టాపులు పోయింది.

ఆ వారమంతా ముందుగదిలో మిషను నడిచింది తక్కువ. వచ్చేవాళ్లు కుట్టినా కుట్టకపోయినా తమ బట్ట తీసుకుపోవడానికి వచ్చారు. టేపు పట్టబోతే ఒకావిడ రెండడుగులు వెనక్కి వేసింది. టేపక్క బతుకులో అలా జరగడం అదే మొదటిసారి. కాజాలు కుట్టే ఆవిడ సగం సగం కాజాలున్న కోటు మడిచిపెట్టి, మా ఆయన వద్దంటున్నాడని చెప్పి వెళ్లింది.

కొడుకు ఊరుకోలేదు. గోదాములో ఒక స్నేహితుడి ద్వారా లాయరును పట్టుకుని, ఫిర్యాదుల ఆఫీసుకు పంపాల్సిన సంజాయిషీ రాయించుకొచ్చాడు. బయటి దుండగులు దాడి చేసి తాళం పగలగొట్టారని, మా వైపు ఏ లోపమూ లేదని అందులో ఉంది. ఆదివారం అందరం ఇంట్లో ఉంటాం, అమ్మ సంతకం పెట్టేస్తే సోమవారం ఇచ్చేస్తానన్నాడు.

"తాళమే లేనప్పుడు పగలగొట్టారని ఎలా రాస్తాం?" అంది కోడలు.

"నువ్వు మాట్లాడకు," అన్నాడు. "నీవల్లే ఇంత దూరం వచ్చింది."

టేపక్క పక్కగదిలోంచి విన్నది. అప్పుడు కూడా లేచి రాలేదు.

ఆదివారం పొద్దున్నే టీచరు ఫోను చేసింది.

"అమ్మకు తెలిసిందక్కా. కింద ఇంటావిడ జాలిపడి చెప్పిందట. గట్టిగా, వినపడేలా. రెండుసార్లు. అమ్మ మూడంతస్తులూ ఎక్కి వచ్చి, నా గదిలోకి వచ్చి, నా చొక్కా మీద ఇలా చెయ్యి పెట్టి చూసింది. రాత్రి నుంచి గోడకు తిరిగి పడుకుంది. అన్నం తినడం లేదు. నేను పెట్టినా తినడం లేదు. ఆ కాగితం ఉందా?"

టేపక్క భర్తకు బజారుకని చెప్పి వెళ్లింది. తిరిగొచ్చేసరికి పన్నెండు దాటింది. అప్పటికే బల్ల మీద కంచాలు పెట్టి ఉన్నాయి. కొడుకు సంజాయిషీ కాగితాన్ని నీళ్ల గ్లాసు కింద పెట్టి, పక్కన కలం పెట్టాడు. కోడలు వడ్డిస్తోంది.

"బజారు నుంచి వట్టి చేతులతో వచ్చావేమిటి?" అన్నాడు భర్త.

"బజారుకు వెళ్లలేదు."

కూర్చుంది. కంచం ముందుకు లాక్కుంది. కొడుకు గ్లాసు పక్కకు జరిపి కాగితం తల్లివైపు తిప్పాడు.

"కింద, ఇక్కడ పెట్టమ్మా. తిన్నాకయినా సరే."

"ఇది పెట్టను."

"అంటే?"

"టీచరుగారు ఇవాళ ఫిర్యాదు రాసింది. నా మీద. తన సంగతి తన చేత్తో రాసుకుంది. ఆ పై భాగమంతా, నా పేరు, ఇల్లు, నేనేం రాసుకున్నానో, ఎందుకు రాసుకున్నానో, అది నేను రాసిచ్చాను. రేపు పొద్దున ఇద్దరం కలిసి వెళ్లి ఇస్తున్నాం."

భర్త చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "నీ మీద పెట్టడానికి నువ్వే వెళ్తావా?"

"ఆవిడకు నాలుగో అంతస్తు ఒక్కతే ఎక్కే ఓపిక లేదు."

"అమ్మా, ఏం చేశావో తెలుస్తోందా? వాళ్లు దుకాణం మూయిస్తారు. అంత చేసినా అది పూర్తిగా పోదని నువ్వే చెప్పావు గదా."

"పోదు. ఆఫీసులో గుమస్తా ముందే చెప్పింది." ఆమె గొంతు పెంచలేదు. కోడలి చేతిలోంచి గరిటె తీసుకుని గిన్నెలో పెట్టి, ఆ పిల్లను భుజం పట్టి పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. "ఇంకొకటి కూడా రాశాను. తాళం తీసెయ్యమన్నది నేనని. ఈ పిల్ల వద్దని రెండుసార్లు చెప్పింది, నేను వినలేదు. పదిరోజుల నుంచి నువ్వు దీన్ని అంటుంటే వింటూ కూర్చున్నాను."

కొడుకు కాగితం వైపు చూశాడు, భార్య వైపు చూడలేకపోయాడు. కోడలు ఖాళీ కంచంలోకి చూస్తూ కూర్చుంది.

"చేతిలో ఉన్నవి ఏడు గౌన్లు, ఒక కోటు," అంది టేపక్క, అందరికీ వినపడేలా, మామూలుగా. "అవి కుట్టి ఇచ్చేస్తాను. ఆ తర్వాత ఇక ఎవరి కొలతలూ తీసుకోను."